కొండ ఊళ్ళో కళ్ళాపి

ఆ రోజుల్లో నాకు భయమంటే తెలియదు. అది ధైర్యం కాదు, తెలివితక్కువతనం అని ఇప్పుడు అనిపిస్తుంది గానీ, అప్పట్లో ఆ రెండింటికీ తేడా కనిపించేది కాదు. పామర్రు లెక్కల మాస్టారి కూతుర్ని, విజయవాడలో సివిల్ ఇంజినీరింగ్ చదివినదాన్ని, స్కాలర్‌షిప్ మీద ఇటలీలో ఒక కొండ ఊరికి నీటిపారుదల చదవడానికి వెళ్ళినదాన్ని, నాకు తెలియనిదేముంటుంది అనుకునేదాన్ని. (ఆ నీటిపారుదల సంగతి కాస్త గుర్తుంచుకోండి.)

మా వీధంతా ఏటవాలు రాతిబాట. అన్నిటికంటే పైన, నాకు గది అద్దెకిచ్చినావిడ ఇల్లు. ఆవిడకి నేను మనసులో పెద్దమ్మ అని పేరు పెట్టుకున్నాను. మేడమీద గది ఇస్తూ ఒకటే షరతు పెట్టింది: నెల రోజుల్లో వీధిలో ఒక్కరు నా మీద ఫిర్యాదు చేసినా ఖాళీ చెయ్యాలి. నా స్కాలర్‌షిప్పుకి అందే గది ఆ ఊళ్ళో అదొక్కటే. అది పోతే చదువు సగంలో ఆపి ఇంటికి రావడమే. నా మీద ఫిర్యాదేమిటి అని నవ్వుకున్నాను.

రైలెక్కించేటప్పుడు అమ్మ ఒక మాట చెప్పింది. "ఎక్కడున్నా సరే, పొద్దున్నే వాకిట్లో నీళ్ళు చల్లకుండా కాఫీ ముట్టుకోకే." అందుకని రోజూ చీకటితో లేచి ఓ బకెట్టు నీళ్ళు వాకిట్లో చల్లేదాన్ని. (పేడ దొరకలేదు. పెద్దమ్మ అదృష్టం.) మా పామర్రులో చల్లిన నీళ్ళు చల్లినచోటే ఉండి, ఎండొస్తే ఆరిపోతాయి. అక్కడివి ఎటు పోతున్నాయో నేను చూడనే లేదు.

రెండో ఆదివారం చలి బాగా ముదిరింది. నీళ్ళు చల్లి, కాఫీ తాగి, ఎందుకో ఆ పూట తృప్తిగా లేక ఇంకో బకెట్టు పట్టుకుని తలుపు తీశాను. చర్చి గంటలు మోగుతున్నాయి. వీధి అద్దంలా మెరుస్తోంది. పక్కింటి దర్జీ తాతగారు కోటూ టోపీ వేసుకుని గుమ్మం దిగారు. ఒక అడుగు వేశారు, కూలబడ్డారు, కూర్చున్నవారు కూర్చున్నట్టే కిందికి జారుకుంటూ వెళ్ళి మలుపులో కాఫీ కొట్టు ముందు ఆగారు. టోపీ కూడా కదల్లేదు. ఆయన లేచి దులుపుకుని పైకి చూశారు. వీధి వీధంతా పైకి చూసింది. పైన నేను, నా చేతిలో బకెట్టు, నా వెనక పెద్దమ్మ.

నాకొచ్చిన ఇటాలియనూ ఆవిడకొచ్చిన ఇంగ్లీషూ కలిపి మేం మాట్లాడుకున్నదిది.

"నువ్వేం చదువుతున్నానన్నావు?"

"ఇంజినీరింగండి."

"ఏ ఇంజినీరింగు?"

"నీళ్ళదండి."

ఆవిడ లోపలికి వెళ్ళింది. ఇక పెట్టె సర్దుకోవడమే అనుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక అంత భయపడలేదు. ఆవిడ ఉప్పు సంచీతో తిరిగొచ్చింది. ఇద్దరం వంగి, గడ్డకట్టిన నా నీళ్ళు కరగడానికి ఉప్పు చల్లుకుంటూ కాఫీ కొట్టు దాకా దిగాం. అక్కడ తాతగారి ముందు చేతులు జోడించి, "తప్పయిపోయిందండీ" అన్నాను, అచ్చ తెలుగులో. (కంగారులో పరాయి భాషలు పలకవు.) ఆయన ఏదో చాలాసేపు చెప్పారు, కొట్లో వాళ్ళంతా నవ్వారు.

"చిన్నప్పుడు ఈ వీధిలో ఇలాగే జారేవాడట. ఈ వయసులో మళ్ళీ జారతాననుకోలేదట. ఫిర్యాదేమీ లేదంటున్నాడు," అంది పెద్దమ్మ. "కానీ చలి పోయేదాకా బకెట్టు నా దగ్గరుంటుంది."

ఫోన్లో అమ్మకి చెబితే ఒక పట్టాన నమ్మలేదు. "నీళ్ళు గడ్డకట్టడమేమిటే? పేడ ఎక్కువ కలిపుంటావు."

మార్చిలో ఓ పొద్దున్న పెద్దమ్మ తలుపు కొట్టి బకెట్టు చేతికిచ్చింది. నేను వాకిట్లో దాన్ని ఎత్తేలోగా వీధి కిందికి తిరిగి, తాతగారిని తప్పుకోమని కేక వేసింది.

ఇప్పుడు విజయవాడలో నాలుగో అంతస్తులో ఉంటున్నాను. వాకిలంటే చాపంత వరండా. అయినా బకెట్టు ఎత్తేముందు వాలు ఎటుందో ఒకసారి చూసుకుంటాను. ఆఫీసులో అందరూ నన్ను మహా జాగ్రత్తపరురాలంటారు. నిజమే. కానీ ఏ వాలూ చూసుకోకుండా తెల్లారేసరికి బకెట్టెత్తిన ఆ పిల్లంటేనే నాకిప్పటికీ ఇష్టం.