విద్వాంసుడి కింద కుండలు

ఒక మహావిద్వాంసుణ్ణి రెండు డజన్ల కుండల మీద కూర్చోబెట్టి పాడించిన ఘనత ఈ ప్రాంతంలో నాకొక్కడికే ఉంది. ఇంకెవరైనా ఉంటే ముందుకు రావచ్చు, ఇద్దరం కలిసి ఏడుద్దాం. ఆ సాయంత్రం మా మామయ్య పరువు కొల్లేట్లో ఎంత లోతుకు దిగిందో చెబుతాను. నవ్వదలచినవారు నవ్వండి. మామయ్య మాత్రం ఇప్పటికీ నవ్వరు.

అప్పటికి నేను మద్రాసులో ఇంజనీరింగు ముగించుకుని కొత్తగా ఏలూరు వచ్చాను. ఉద్యోగం లేదు, సైకిలు ఉంది. ఆ వేసవి ఎటు చూసినా కచేరీలే. శ్రీరామనవమి పందిళ్ళలో మొదలైన సంగీతం తొలకరి పడేదాకా ఆగలేదు. ఏలూరులో కాలువ గట్టున గాత్రం, ద్వారకా తిరుమల కొండ కింద నాదస్వరం, తాడేపల్లిగూడెంలో ఒక బియ్యపు మిల్లు ఆవరణలో ఫిడేలు. నాకు రాగాల పేర్లు తెలియవు. ఏది తోడో, ఏది భైరవో పక్కవాణ్ణి అడగాలి. కానీ గూడెంలో ఆ ఫిడేలాయన కమాను ఎత్తేశాక కూడా పాట గాలిలో ఇంకా నడుస్తూనే ఉన్నట్టుంటే, మిల్లు కూలీలు బస్తాలు వీపు మీద పెట్టుకునే నిలబడిపోయారు. దించుకోవచ్చన్న సంగతి ఒక్కరికీ తోచలేదు. నాకు ఒళ్ళంతా గగుర్పొడిచింది. అంత పెద్ద విద్య ఎదురుపడితే మామూలు మనిషి దండం పెట్టి ఊరుకుంటాడు. ఇంజనీరింగు చదివినవాడు ఊరుకోలేడు. దానికి ఏదో ఒక సాయం చెయ్యాలనుకుంటాడు.

మామయ్యది మండవల్లి. వరి పండిస్తారు, పాటంటే ప్రాణం పెడతారు. కొన్నేళ్ళుగా వెంటపడి ఒక పెద్ద విద్వాంసుడు గారిని తమ ఊరి పందిట్లో పాడడానికి ఒప్పించారు. ఆయన గొంతు ఎంత గొప్పదో కోపమూ అంత గొప్పది. ఎక్కడో ఎవరో అడకత్తెరతో వక్క కత్తిరించిన చప్పుడుకి పాట ఆపేసి బండి కట్టించుకున్నారట. మండవల్లిలోనూ అలా లేచిపోతే ఇక ఏ విద్వాంసుడూ ఆ ఛాయలకు రాడు. అందుకని మామయ్య ఇల్లిల్లూ తిరిగి, "దగ్గున్నవాళ్ళు ఇంట్లోనే ఉండి వినండి, బాబ్బాబు" అని బతిమాలి వచ్చారు.

నేను ముందురోజే వెళ్ళి వేదిక పరీక్షించాను. లోపాలు మూడు. ఒకటి, తాటాకు పందిరి శబ్దాన్ని మింగేస్తుంది. రెండు, మిగిలినదాన్ని కొల్లేటి గాలి ఎత్తుకుపోతుంది. మూడు, మైకు పెడదామంటే ఊళ్ళో కరెంటు లేదు. వేదిక కింద ఖాళీ కుండలు పెడితే శబ్దం పెరుగుతుందని మా ప్రొఫెసరు ఒకసారి చెప్పారు. ఇంకా ఏదో చెప్పబోయారు గాని అంతలో గంట కొట్టారు.

కుమ్మరి పంపిన బండెడు కుండల్లో ఒకటి లావు, ఒకటి సన్నం, ఒకటి కొంచెం వంకర. నాకు ఒళ్ళు మండింది. స్కేలు తీసి మూతి, మెడ, పొట్ట కొలిచి, అచ్చు గుద్దినట్టున్న రెండు డజన్లు ఏరాను. ఏలూరు నుంచి పెట్రోమాక్సు దీపాలూ జంబుఖానాలూ అద్దెకు తెచ్చిన మస్తాన్ సాయిబు గారు ఇదంతా చూస్తున్నారు.

"బాబుగారూ, పాడేవారి కింద కుండలెందుకండీ? దాహమేస్తే పక్కన చెంబు పెడతారు కదండీ."

"నీళ్ళకి కాదండీ, శబ్దానికి."

"ఎవరైనా తంతే తప్ప ఖాళీ కుండ శబ్దమెందుకు చేస్తుందండీ?"

"ఇది సైన్సండీ, సాయిబు గారూ."

"అయితే సరేనండి" అన్నారాయన, జ్వరమొచ్చినవాడి మాటకు తలూపినట్టు.

బల్లల వేదిక కింద కుండలు వరసగా పేర్చి, చుట్టూ జంబుఖానా వేలాడదీయించాను. పైకెక్కి నేనే పాడి చూశాను. ఒక్క కుండా కిక్కురుమనలేదు. నా గొంతు ఏ స్వరం మీదా నిలవదు కనుక వాటికి పలికే వీలు చిక్కలేదని అప్పుడు నాకు తోచలేదు.

మర్నాడు పొద్దు వాలుతుండగా కచేరీ మొదలైంది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పడవల మీద జనం వచ్చారు. ముందుగా పాడిన వర్ణం సాఫీగా వెళ్ళింది. తర్వాత విద్వాంసుడు గారు శంకరాభరణం ఎత్తుకున్నారని పక్కవాడు చెప్పాడు. ఒక్కో స్వరమే ఎక్కుతూ వచ్చి, మధ్యమం మీద కళ్ళు మూసుకుని నిలబడ్డారు.

వేదిక కింద నుంచి "హూం" అని వినిపించింది.

ఆయన ఆపారు. అదీ ఆగింది. ఆయన ఫిడేలాయన వంక చూశారు. ఫిడేలాయన మృదంగమాయన వంక చూశారు. మృదంగమాయనకు చూడడానికి ఎవరూ మిగలక మృదంగం వంకే చూసుకున్నారు. విద్వాంసుడు గారు మళ్ళీ మధ్యమం పట్టారు. రెండు డజన్ల గొంతుల్తో మళ్ళీ "హూం." ముందు వరసలో ఒక ముసలమ్మ గారు చేతులు జోడించి "అమ్మవారు పలుకుతోందర్రా" అన్నారు.

మామయ్య పెదవులు కదలకుండా నన్నడిగారు. "ఏమిట్రా అది?"

"రెజొనెన్సు, మామయ్యా. కుండలన్నీ ఒకే కొలత కదండీ, అందుకని అన్నీ ఒకే స్వరానికి..."

"దాన్ని నోరు మూసుకోమను."

"అది శాస్త్రం, మామయ్యా, చెబితే వినదు."

"ఆయన లేచారంటే నిన్ను కొల్లేట్లో ముంచి, తర్వాత నేను దూకుతాను."

వేదిక వెనక్కి పరుగెత్తి రెండు చేతులతో వరిగడ్డి తీసుకున్నాను. కుండల మూతుల్లో గడ్డి కుక్కడం నా ఉపాయం. సాయిబు గారు జంబుఖానా అంచు ఎత్తి పట్టుకున్నారు. "వెళ్ళండి బాబుగారూ. పాముంటే కేకెయ్యకండి, పాట పాడవుతుంది."

దూరాను. పాకుతూ వెళ్ళి మొదటి కుండలో గడ్డి కుక్కాను, రెండోదాంట్లో కుక్కాను. అంతలో పైన పాట మారింది. ఏదో వేరే రాగం, పేరు నాకెలా తెలుస్తుంది? ఆయన పైకి వెళ్తున్నారు, కిందికి వస్తున్నారు, మెలికలు తిరుగుతున్నారు, ఒక్క కుండా పలకడం లేదు. రెండు కుండలు మూస్తేనే మిగతావన్నీ దారికొచ్చాయి. చీకట్లో నా భుజం నేనే తట్టుకున్నాను. ఇంక పని లేదు కనుక వెల్లకిలా పడుకుని విన్నాను. నా మొహానికి జానెడు ఎత్తున బల్ల, బల్ల మీద ఆయన. తాళం వేస్తున్న చెయ్యి తొడ మీద పడిన ప్రతిసారీ ఆ అదురు నా ఎముకల్లోకి దిగుతోంది. ఆ వేసవంతా పాటకు ఎదురుగా కూర్చున్నాను. పాట కింద పడుకోవడం అదే మొదలు. ఎందుకు వచ్చానో, ఎవరి పరువు పోతోందో అన్నీ మరిచిపోయాను.

అప్పుడు ఆయన మళ్ళీ శంకరాభరణంలోకి వచ్చి, తిన్నగా ఆ మధ్యమం మీదకే దిగారు.

నా చుట్టూ ఇరవై రెండు కుండలు ఒక్కసారిగా పలికాయి. అయిపోయింది, ఇక లేస్తారనుకున్నాను. ఆయన లేవలేదు. గొంతు ఆపి, కుండల మోత సన్నగిల్లేదాకా ఆగి, అది పూర్తిగా పోయేలోపు అదే సన్నదనంతో అందుకున్నారు. మళ్ళీ వదిలారు, మళ్ళీ అందుకున్నారు. కుండ ఎక్కడ ఆగిందో మనిషి ఎక్కడ మొదలెట్టారో కింద పడుకున్న నాకే తెలియలేదు. పైన వందల మంది ఉన్నారు, ఒక్క దగ్గు లేదు. చీకట్లో చెవుల్లోకి కారుతున్నది చెమట అనుకున్నాను. కన్నీళ్ళు.

పాట ముగిశాక ఆయన గొంతు వినిపించింది. "ఇందాక నా కిందకి దూరినవారెవరో, ఒకసారి పైకి దయచెయ్యమనండి."

తలనిండా గడ్డితో, బూజుతో బయటికొచ్చి నిలబడ్డాను.

"మీవాడేనాండీ?" అని మామయ్యనడిగారు.

"మా అక్క కొడుకండీ" అన్నారు మామయ్య. అప్పటికప్పుడు చుట్టరికం తెంచుకునే దారి లేకపోయింది.

"ఏం చదివావు, నాయనా?"

"ఇంజనీరింగండీ."

"ఇంతసేపూ కింద ఏం చేశావు?"

"గడ్డి కుక్కానండి. అందుకే మధ్యలో అవి పలకలేదండీ."

"మధ్యలో నేను పాడింది మోహనం. అందులో మధ్యమం ఉండదు. నేను మానేశాను కనక అవి మానేశాయి."

పందిరంతా నవ్వింది. సాయిబు గారు దీపం సరిచేస్తున్నట్టు అటు తిరిగారు. మామయ్య కళ్ళు మూసుకున్నారు.

విద్వాంసుడు గారు లేచి, కండువా దులుపుకుని మామయ్యతో అన్నారు. "వచ్చే ఏడు కూడా వస్తానండి. ఆ కుండల్ని అలాగే ఉంచండి. మా శిష్యుల్లో మధ్యమం అంతసేపు పట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. ఈ అబ్బాయిని మాత్రం ఈలోపు ఏదైనా దూరపు ఊళ్ళో ఉద్యోగంలో పెట్టించండి."

మామయ్య ఆయన మాట జవదాటలేదు. ఇప్పుడు నేను ఏ పాటా వినిపించనంత దూరంలో వంతెనలకు కొలతలు తీస్తున్నాను. కాబట్టి పెద్దల సమక్షంలో, పూర్తి స్పృహతో ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట కచేరీకి వెళితే రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంటాను, జేబులో స్కేలు ఉంచుకోను, సంగీతానికి ఏ విధమైన సాయమూ చెయ్యను. వచ్చే వేసవికి సెలవు దొరికి, వేదిక కింద చోటు ఖాళీగా ఉంటే, అక్కడ పడుకుని వింటాను. గడ్డి మాత్రం తీసుకెళ్ళను.