నీళ్ల పార్కులో ఆదివారం

రేణిగుంట గోడౌనులో యోగానంద గొంతు తెలియని లారీ డ్రైవరు లేడు. బండి వెనక్కి వస్తున్నా, కూలీలు పెట్టెలు దించుతున్నా అతని కేక చివరి షెడ్డు దాకా వినబడేది. ఆ పనికి ఆ గొంతు అవసరమే. ఇంట్లో మాత్రం అదే అతని కొంప ముంచింది. తాగుడు లేదు, పేకాట లేదు, పెళ్లాం మీద ఎన్నడూ చెయ్యెత్తింది లేదు. కానీ భయం వేసినా, సిగ్గేసినా, మనసు నొచ్చుకున్నా అతని నోటి నుంచి బయటికొచ్చేది అరుపే. ఏళ్ల తరబడి విని విని, ప్రసన్నకుమారి ఒకనాడు కూతురి చెయ్యి పట్టుకుని పాకాలలో ఉన్న అన్న చక్రధర్ ఇంటికి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. విడాకులిచ్చిన కోర్టు, నెలకొక ఆదివారం బిడ్డను తండ్రి తన వెంట తీసుకెళ్లొచ్చని చెప్పింది.

ఆ ఒక్క ఆదివారం కోసం యోగానంద నెలంతా ఎదురుచూసేవాడు. కూతురు భానుశ్రీ ఎనిమిదో తరగతిలోకి వచ్చింది. కాపురం బాగున్న రోజుల్లో ఒకసారి ముగ్గురూ మద్రాసు దగ్గర నీళ్ల పార్కుకు వెళ్లారు. అప్పుడు అలల కొలనులోంచి బయటికి రానని ఆ పిల్ల చేసిన పేచీ అతనికి ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుండేది. తిరుపతికి దగ్గర్లోనే, చంద్రగిరి దారిలో అలాంటి పార్కొకటి తెరిచారని విన్నప్పటి నుంచి అతని మనసు అక్కడే ఉంది. బడులు తెరిచేలోగా తీసుకెళ్లాలని జూన్ మొదటి ఆదివారం ఖాయం చేసుకుని పాకాలకు కబురు పంపాడు.

ముందురోజు ప్రసన్నకుమారి దగ్గర్నుంచి ఫోనుకు చిన్న సందేశం వచ్చింది. "రేపు నీళ్ల పార్కు వద్దు. ఇంకో చోటికి తీసుకుపోండి." కాపురం చేసినన్నాళ్లూ నువ్వు అనే మనిషి, కోర్టు మెట్లెక్కినప్పటి నుంచి మీరు అంటోంది. ఆ మీరు చూసినప్పుడల్లా అతనికి ఒళ్లు మండేది. ఎందుకొద్దో ఆమె రాయలేదు, ఇతను అడగలేదు. "నా ఆదివారం నా ఇష్టం" అని తిరిగి రాసి ఫోను బోర్లించి పెట్టాడు.

మరునాడు పాకాల బస్టాండులో భానుశ్రీ మేనమామ బండి దిగి వచ్చింది. ముదురు నీలం జీన్సు ప్యాంటు, మోచేతులు దాటిన చొక్కా వేసుకుంది. భుజాన సంచి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అడిగినదానికి ఊ అనో ఊహూ అనో అంటూ వచ్చింది.

మృగశిర కార్తె దగ్గరికొచ్చినా చినుకు రాలలేదు. కొండ మీద మబ్బు మూసుకుని ఉంది, ఆకు కదలడం లేదు. కాసే ఎండైతే నీడకు పోయి తప్పించుకోవచ్చు. ఈ ఉక్క నీడలోనూ వదలదు. పార్కు గేటు దాటేసరికే యోగానంద చొక్కా వీపుకు అతుక్కుపోయింది. లోపల జనం, పాటల హోరు, క్లోరిన్ వాసన, తడి సిమెంటు మీద వేడి ఆవిరి. పిల్లలు రంగురంగుల గొట్టాల్లోంచి జారి నీళ్లలో పడుతున్నారు.

"పామ్మే, బట్టలు మార్చుకో. ఫస్టు అలల తావకి పోదాం," అన్నాడు హుషారుగా.

"నాకొద్దు నాయనా. నువ్వు పో."

"నేనొక్కడినే పోనా? నీ కోసం గదా వచ్చింది."

"నేనీడ కూర్చుంటా."

సిగ్గుపడుతోందేమో, కాసేపటికి తనే వస్తుందనుకున్నాడు. ముందు తను దిగి చూపిద్దామని కొలనులో మునిగి, చెయ్యి ఊపి పిలిచాడు. ఆమె రేకుల పందిరి కింద సిమెంటు బెంచీ మీద, సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చెయ్యి ఊపింది గానీ లేవలేదు. అతను పైకొచ్చి బొండాలు కావాలా అన్నాడు, వద్దంది. నీళ్ల సీసా ఇస్తే పెదాలు తడుపుకుని మూత పెట్టేసింది. మధ్యాహ్నం పులిహోర పొట్లం విప్పితే రెండు ముద్దలు తిని మూసేసింది.

యోగానంద కొలను వైపు చూశాడు. చుట్టూ తండ్రులు పిల్లల్ని భుజాలకెత్తుకుని నీళ్లలో ఎగరేస్తున్నారు. తన బిడ్డ మాత్రం తనతో వచ్చినందుకు శిక్ష అనుభవిస్తున్నట్టు కూర్చుంది. ఇంట్లో వాళ్లేదో నూరిపోసి పంపారనుకున్నాడు. నిన్న వచ్చిన సందేశం గుర్తొచ్చింది. అదే నిజమని నమ్మేశాడు.

నీళ్లలో దిగకపోతే పోయె, పెద్ద చక్రమన్నా ఎక్కిద్దామని ఆమెను లేపి వరుసలో నిలబెట్టాడు. వరుస చాలా పొడవుంది. పైన కప్పు లేదు. మబ్బు చాటున సూర్యుడు కనబడకుండానే నెత్తి మాడ్చేస్తున్నాడు. భానుశ్రీ ఇనుప కమ్మీ పట్టుకుని నిలబడింది.

"నాయనా, ఇంటికి పోదామా?" అంది మెల్లగా.

అతని గొంతు లేచింది. "పొద్దున్నించి సూస్తా ఉండా. నీళ్లలో దిగవు, తినవు, మాట్లాడవు. మీ అమ్మ చెప్పి పంపిందా ఇట్ల చేయమని? నా తావ ఒక్క పూట నవ్వతా ఉంటే ఏం పోతాది నీకు?"

వరుసలో వాళ్లు తల తిప్పి చూశారు. భానుశ్రీ ముఖం ఎర్రబడాల్సింది, పాలిపోయింది. ఏదో అనబోయింది. కమ్మీ మీది చెయ్యి జారింది. అక్కడికక్కడే కూలబడిపోయింది.

తర్వాత యోగానంద ఏం అరిచాడో అతనికే తెలియదు. కాపలావాళ్ల మీద అరిచాడు, దారివ్వమని జనం మీద అరిచాడు. ఎవరో నీళ్లు చల్లారు. ఒక కాపలాదారు దారి చూపుతుంటే బిడ్డను రెండు చేతులా ఎత్తుకుని గేటు పక్కనున్న ప్రథమ చికిత్స గదికి పరుగెత్తాడు. బిడ్డ ఇంత బరువెప్పుడయిందని ఆ పరుగులోనే అనిపించింది.

గదిలో నాగవేణి అనే నర్సు ఉంది. నడివయసు మనిషి. పిల్లను మంచం మీద పడుకోబెట్టించి, చంకల్లో, మెడ కింద తడిగుడ్డలు పెట్టి, ఫ్యాను దగ్గరికి జరిపింది. భానుశ్రీ కళ్లు తెరిచింది.

"ఏమప్పా, బిడ్డ పొద్దున్నించి నీళ్లు తాగిందా?"

"ఇచ్చినా తాగలేదు మేడం. ఏమైంది బిడ్డకి? చెప్పండి, ఏమైంది?"

"గట్టిగా మాట్లాడొద్దు. వడదెబ్బ లెక్కన ఉండాది. తెలివొచ్చింది గదా. బయట నిలబడు, నేనడుగుతా."

అతను తలుపవతల నిలబడ్డాడు. లోపల గుసగుసలు. కొంతసేపటికి నాగవేణి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"బిడ్డ బయట చేరి ఉండాది. అందుకే నీళ్లలో దిగలేదు. బాత్రూములకాడ జనం, తడి, మళ్లీ మళ్లీ పోవాల్సొస్తాదని నీళ్లు కూడా తాగకుండా బిగపట్టుకోనుంది. ఈ ఉక్కలో, ఆ మందం గుడ్డల్లో పడిపోక ఏం చేస్తాది? ఉప్పూ చక్కెర కలిపిన నీళ్లిస్తా ఉండా. వాంతులైనా, మగతగా ఉన్నా ఆసుపత్రికి తీసుకుపోవల్ల. వాళ్లమ్మకి ఫోన్ చెయ్."

యోగానందకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక భయం పక్కకు తప్పుకుని గుండె నిండిపోయింది. తన బిడ్డ ఈ పొద్దే, తన దగ్గర ఉన్న పొద్దే పెద్దమనిషి అయిందనుకున్నాడు. ఊళ్లో ఉన్న అక్క చంద్రకాంతమ్మ గుర్తొచ్చింది. మేనకోడలికి తానే హారతి పట్టాలని ఎప్పటి నుంచో పట్టుపావడ తీసి దాచింది ఆమె. ముందు ప్రసన్నకుమారికి ఫోను కలిపాడు.

"ప్రసన్నా, బిడ్డ కళ్లు తిరిగి పడింది. ఇప్పుడు బాగుండాది, భయపడొద్దు. అదీ, మన బిడ్డ పెద్దమనిషి అయింది."

ఆమె మెల్లగా అంది. "అది ఉగాదికి ముందే అయింది."

"ఏంది?"

"స్నానం చేపించి, మా అన్నవాళ్లు చీర పెట్టినారు. ఇంట్లోనే, మా వరకే. ఆ మాట తర్వాత మాట్లాడుకుందాం. నేను మా అన్నతో బయల్దేరతా ఉండా. బిడ్డకి నీళ్లు తాపించండి."

ఫోను పెట్టేసింది. యోగానంద నీళ్ల పంపుల షెడ్డు వెనక్కి నడిచాడు. అక్కడ మోటార్ల రొదలో ఎంత అరిచినా ఎవరికీ వినబడదు. అరవడానికే వెళ్లాడు. తండ్రి బతికుండగానే లేనట్టు చేశారని, మేనత్తను పిలవకుండా హారతి పట్టారని, ఇవన్నీ నోటి దాకా వచ్చాయి. ఎవరితో అనాలి? గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చెమటా కన్నీళ్లూ కలిసి చొక్కా కాలరు మీదికి కారుతున్నాయి.

తిరిగి గదిలోకి వచ్చేసరికి భానుశ్రీ దిండుకు ఆనుకుని గ్లాసు పట్టుకుని కూర్చుంది. ముఖంలో కాస్త రంగు తేలింది.

"అమ్మ చెప్పిందా?" అంది.

"ఊ."

"అమ్మనేమీ అనొద్దు. మామను కూడా. అమ్మ నిన్ను పిలుస్తాననింది. నేనే వద్దంటి."

అతను మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఎందుకని గొంతు తగ్గించి అడిగాడు. అంత తగ్గించి మాట్లాడడం అతనికి చేతకాక మాట పొడిబారింది.

"బడి వార్షికోత్సవం అప్పుడు ఫోటో కోసం మామను స్టేజీ మీదే కేకలేస్తివి. నా ప్రైజు చేతిలో ఉండింది. అందరూ నన్నే సూసినారు. మళ్లా అట్ల అవతాదని నాకు భయం." గ్లాసులోకి చూస్తూ చెప్పింది. "నీళ్లలో దిగలేనని నిన్ననే నీకు చెప్దామనుకుంటి. ఎట్ల చెప్పల్నో తెలీలేదు."

ఆ ఫోటో యోగానందకు బాగా గుర్తుంది. తండ్రిని పక్కకు నెట్టి మేనమామ నిలబడితే, తన హక్కు తాను అడిగాననే ఇన్నాళ్లూ అనుకున్నాడు. బిడ్డ చేతిలో ప్రైజు ఉందన్న సంగతే అతనికి గుర్తులేదు.

"సరేమ్మా," అన్నాడు. "ఇంకొంచెం తాగు."

సాయంత్రమవుతుండగా చక్రధర్ కారు గేటు ముందు ఆగింది. ప్రసన్నకుమారి గబగబా లోపలికి వచ్చి, కూతురి నుదురూ మెడా తడిమి చూసింది. వెనకే వచ్చిన చక్రధర్ గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

"బిడ్డను సంపేద్దామనుకున్నావా? వద్దని చెప్తే వినవు. ఈసారి కోర్టులోనే చెప్తాం, నీకింక పంపేది లేదని."

యోగానంద లేచి నిలబడ్డాడు. నాగవేణి చేతిలో పని ఆపి చూసింది. ప్రసన్నకుమారి కూతురి చెవులు మూయబోతున్నట్టు తల దగ్గరికి తీసుకుంది. మంచం మీది నుంచి భానుశ్రీ తండ్రినే చూస్తోంది. కళ్లలో అదే భయం. ఇది తనను చూసే భయమేనని అతనికి మొదటిసారి తెలిసింది.

"బిడ్డను నడిపించొద్దు," అన్నాడు. "నేను సంచి తెస్తా, కారు తలుపు తీ."

చక్రధర్ ఇంకేదో అన్నాడు. యోగానంద సంచి, చెప్పులు తీసుకుని బయటికి నడిచాడు. కారు కదిలేటప్పుడు ప్రసన్నకుమారి అద్దం దించి, "ఇల్లు చేరినాక ఫోన్ చేస్తా," అంది. భానుశ్రీ కళ్లు మూసుకుని తల్లి భుజాన పడుకుంది. అతను బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చాడు. అప్పటికీ చినుకు పడలేదు.

ఆ వారం సెలవు పెట్టి, పులిచెర్ల దగ్గర ఉన్న అక్క ఇంటికి వెళ్లాడు. చంద్రకాంతమ్మ విషయం విని చేటలో బియ్యం అలాగే వదిలేసి లేచింది.

"మేనత్తను పిలవకుండా చేసినారా? ఎవురి పెత్తనమిది? పద, ఈ పొద్దే పాకాలకి పోయి అడుగుదాం."

"ఎవురి పెత్తనమూ కాదక్కా. బిడ్డే వద్దనింది."

"బిడ్డకేం తెలుసురా?"

"తెలుసు. నేనొస్తే గొడవ అవతాదని తెలుసు."

చంద్రకాంతమ్మ తమ్ముడి ముఖంలోకి చూసింది. తమ్ముడి నోట ఎదుటివాడి తప్పు కాకుండా ఇంకొకటి వినడం ఆమెకు అలవాటు లేదు. పెట్టెలోంచి పట్టుపావడ తీసి, అతని ముందు మంచం మీద పెట్టింది. ఏడ్చింది. ఆకుపచ్చ బట్ట, మామిడి పిందెల అంచు.

"ఇదేం చేసేది నేను? పోయి ఇచ్చొస్తా," అంది.

"ముందు బిడ్డనడుగు. రమ్మంటే పో."

ఆ మాటకు ఆమె నొచ్చుకుంది. తమ్ముడికి అన్నం పెట్టింది గానీ తను కూర్చోలేదు. అతను బస్సెక్కేదాకా మాట కలపలేదు.

జులైలో ఎక్కడికి పోదామని యోగానంద కూతురికే సందేశం పంపాడు. ఒకరోజంతా జవాబు రాలేదు. "ఎక్కడికీ వద్దు, పాకాలకే రా" అని తర్వాత వచ్చింది. వెళ్లాడు. స్టేషను బయట హోటల్లో ఇద్దరూ దోసెలు తిన్నారు. ఆమె లెక్కల టీచరు గురించి కొంచెం చెప్పింది, ఎక్కువసేపు ఫోను చూసుకుంది. వాన ముసురు పట్టేలోగానే ఇంటికి పోతానంది. ఆగస్టులో ట్యూషనుందని రాలేదు. కోర్టుకు చెప్పుకోవచ్చునని లాయరు అన్నాడు. వద్దన్నాడు యోగానంద.

గోడౌనులో అతని గొంతు అలాగే ఉంది. సెప్టెంబరు ఆదివారానికి ఆమె వస్తుందో రాదో అతనికింకా తెలియదు.