మా బొలొమే మతిమరుపు

ఒక ఏడాది మా బొలొమే బహుమతి గెలిచిన రచయితను రైల్వే స్టేషన్లోనే మరిచిపోయి, టాక్సీ డ్రైవర్ని వేదికెక్కించి చప్పట్లు కొట్టించాడని మా మోర్జ్ ఊళ్ళో చెప్పుకుంటారు. చూసినవాళ్ళు ఇంతవరకు ఒక్కరూ దొరకలేదు. నేనైతే నమ్ముతాను. ఆయన మతిమరుపు అలాంటిది.

మా సరస్సు ఒడ్డున ఏటా, యూరప్ మొత్తం వెతికి, ఒక వ్యాసాల పుస్తకానికి బహుమతి ఇస్తారు. తీర్పు చెప్పేవాళ్ళలో బొలొమే ఒకడు. పోటీకొచ్చిన పుస్తకాలు పెట్టెల్లో ఆయన ఇంటికొస్తాయి. ఈయనేమో చాక్లెట్ నములుతూ వాటిని ఊరంతా మరిచిపోతాడు. జున్ను కొట్లో కొన్ని, పళ్ళ డాక్టరు దగ్గర కొన్ని, నా క్షౌరశాలలో అయితే అద్దం కనపడనన్ని.

"ఏమయ్యా, ఈ పుస్తకాలు పట్టుకెళ్ళవా?"

"ఏ పుస్తకాలు?"

"తల కూడా ఇక్కడే వదిలేసి వెళ్తావా ఏంటి?"

"సగం నువ్వే గొరిగేశావుగా, మిగతాదీ ఉంచుకో."

కిందటేడు బెల్జియం నుంచి గిస్లేన్ అనే ఆవిడ వచ్చింది. వరుసల్లో నిలబడటం గురించి పుస్తకం రాసింది. మళ్ళీ ఓడిపోయింది. విందులో నా పక్కనే కూర్చుని, "ఇక రాయను. నన్ను చదివేదే ఈ తీర్పరులు. వాళ్ళకీ నచ్చలేదు. మా అన్న పరుపుల కొట్లో చేరిపోతా," అంది.

ఎదురుగా ఉన్న బొలొమే, "రేపు రైలెక్కకు. పక్క ఊరు లోజాన్ దాకా పడవలో వెళ్ళు. గాలి బాగుంటుంది," అన్నాడు.

మర్నాడు అదే పడవలో నేనూ ఉన్నాను. టిక్కెట్లు చూసే రోషా, జున్ను కొట్టు లిలియాన్‌తో పోట్లాడుతున్నాడు.

"వరుసలో నిలబడితే పక్కవాడి మీద ప్రేమ పుడుతుందట! ఆ రాసినావిడ ఆదివారం ఎప్పుడైనా నా పడవెక్కిందా?"

"నువ్వు నత్తలా టిక్కెట్లు చూస్తే ప్రేమేం పుడుతుంది? ఆవిడ రాసింది అక్షరాలా నిజం!"

"ముందు నా పుస్తకం ఇటివ్వు. చివరి అధ్యాయం మిగిలింది."

"నీదేంటి? బెంచీ మీద దొరికిందేగా!"

గిస్లేన్ మెల్లగా, "అది రాసింది నేనే," అంది.

"అయితే ఇలా కూర్చో తల్లీ," అన్నాడు రోషా. "నీతో తేల్చుకోవాల్సింది చాలా ఉంది."

లోజాన్ వచ్చినా ఆవిడ దిగలేదు. పోట్లాడుతూ పోట్లాడుతూ తిరిగి మోర్జ్‌కే వచ్చేసింది. పరుపుల ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడు పడవల గురించి రాస్తోందట.

ఆ పుస్తకం నేనూ తిరగేశాను. అన్నిటికన్నా మంచి పేజీలో చాక్లెట్ కాగితం! నా క్షౌరశాలకొచ్చి చూద్దును కదా, అద్దం ముందున్న పుస్తకాలన్నిటిలోనూ అవే కాగితాలు. అన్నీ ఓడిపోయిన పుస్తకాలే. గెలిచింది ఒక్కటీ మరిచిపోలేదు మహానుభావుడు.

మీసం కత్తిరించుకోడానికి వచ్చినప్పుడు కుర్చీలో కూర్చోబెట్టి నిలదీశాను. "ఓడినవాళ్ళకి చదివేవాళ్ళని వెతికిపెడుతున్నావన్నమాట!"

"ఏ చదివేవాళ్ళు? ఏ పడవ? అంతా కట్టుకథ. అసలు నేను చాక్లెట్టే తినను," అన్నాడు, మీసానికి అంటింది నాక్కుంటూ.