మబ్బు పడితే కట్టే మూట

వాన నీళ్లు మా వాషర్‌మెన్‌పేట్ ఇంట్లోకి వచ్చి పోయాక, మా ఎనిమిదేళ్ల పాపకు ఒక అలవాటు పట్టుకుంది. మబ్బు కమ్మితే చాలు, బడి పుస్తకాలూ రేషన్ కార్డూ ప్లాస్టిక్ సంచీలో మూటకట్టి చంకన పెట్టుకుంటుంది. ఒకరోజు ఎన్నూరు బస్సులోనూ అలాగే కూర్చుంది. నేను ఆరో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి. నాకు తెలిసిన వైద్యం ఒక్కటే, ఎగతాళి.

"కండక్టరన్నా, ఈ మేడమ్ సింగపూర్ పోతా ఉంది, లగేజీకి టికెట్ కొట్టు," అన్నాను. బస్సంతా నవ్వింది. పాప నవ్వలేదు.

పక్క సీటులో చేపల గంపతో కూర్చున్న ఒకామె పాప సంచీ ముడి విప్పి, గట్టిగా ఇంకో ముడి వేసింది.

"ఇట్ట కట్టుకో కన్నా, నీళ్లు పోవు. మబ్బు పడితే నేనూ కట్టుకుంటా," అంది. తర్వాత నా వైపు తిరిగి, "బిడ్డని చూపిచ్చి అందర్నీ నవ్విచ్చింది చాలు తమ్ముడూ. నీళ్లొచ్చిన పొద్దు నీకు భయమెయ్యలా? అది చెప్పు దానికి," అంది. తర్వాతి స్టాపులో దిగిపోయింది.

నీళ్లొచ్చిన ఆ రోజు నేను పాపను భుజాన ఎత్తుకుని, పడవ షికారని పాటలు పాడుతూ నడుములోతు నీళ్లలో నడిచాను.

"ఆ పొద్దు నాకూ భయమేసిందమ్మా," అన్నాను మెల్లగా.

"తెలుసు నాయనా. నీ భుజాలు వణకతా ఉండినాయి," అంది పాప.

ఎన్నూరు వచ్చేదాకా ఆ రోజు సంగతులన్నీ చెప్పింది. మధ్యలో రెండు జోకులు నోటిదాకా వచ్చాయి, మింగేశాను.