రబీ బొమ్మలు

పోయిన చలికాలం ఈ అరబ్బు దేశంలో, బురైదా ఊరి పాతసామాన్ల సంతలో ఆ పుస్తకం దొరికింది. ఇంగ్లీషు పిల్లల బొమ్మలు, వందేళ్ల కిందటివి. బరువు పెద్ద పుచ్చకాయంత. దులిపితే సగం ఎడారి రాలింది. ఏ పేజీ తిప్పినా పూలచెట్ల కింద చెప్పుల్లేని పిల్లలే, గుమ్మడికాయలంత బుగ్గలేసుకుని. ఒక పాప గొర్రెపిల్లను ఎత్తుకుంది. దాని ఉన్నితో మా కడప జిల్లా మొత్తానికి కంబళ్లు నేయొచ్చు.

నేను ఖర్జూరం తోటలో డ్రైవర్ని. నన్ను ఇక్కడికి రప్పించుకున్న యజమాని, మా కఫీల్, బండిలో ఆ బొమ్మ చూసి "రబీ! రబీ!" అని మురిసిపోయాడు. అరబ్బీలో ఆ మాటకు వసంతమని అర్థమట, తర్వాత తెలిసింది. నాకు తెలిసిన రబీ వేరు. చలికి పళ్లు టకటకలాడుతుంటే తెల్లజొన్న చేనికి కావలి కాయడం. సరే, షేకే అన్నాడు కదా అని, బొమ్మను ఊళ్లో ఉన్న కూతురికి వాట్సాప్‌లో పంపి "ఇది రబీ అమ్మా" అని రాశాను.

మా పాప గొంతు రికార్డు చేసి పంపింది. "నాయనా, రబీలో ఆ పిల్లకు చలి పెట్టదా? కాళ్లకు చెప్పులు గూడా లేవు. వాళ్ల నాయన యాడికి పోయినాడు?"

తోటలో పావురాలన్నీ లేచిపోయేలా నవ్వాను. తర్వాత అన్నం గిన్నెకు అలాగే మూతపెట్టేశాను.

అయినా రోజూ ఒక బొమ్మ పంపాను. నేను ఇక్కడికి వచ్చేటప్పుడు మా పాపకు ఆరేళ్లు. నా సెలవు కాగితం రెండేళ్లుగా కఫీల్ బల్ల మీద, ఆయన గహ్వా కాఫీ కప్పు కింద ఉంది. అడిగితే "బుక్రా" అంటాడు, రేపని. ఆ రేపుకు ఈపాటికి గడ్డం కూడా మొలిచుంటుంది. వీడియో కాల్లో నేను తలకు గుడ్డ చుట్టుకునే కూర్చుంటాను, ఎండకని చెప్పి.

మొన్న మళ్లీ గొంతొచ్చింది. "నాయనా, నాకు పదేండ్లు. ఈ బొమ్మలు సాలు. నీ ఫోటో పంపు. తలకు ఆ గుడ్డ తీసి."

పుస్తకం తెరిచాను. గొర్రెపిల్ల పాప వందేళ్లుగా ఆ ఈడులోనే ఉంది. ఒక్క పువ్వూ రాలలేదు. నా కూతుర్ని కూడా ఆరేళ్ల దగ్గరే ఆ పేజీకి అంటించేసి పెట్టాను.

గుడ్డ తీసి ఫోటో పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. గొంతొచ్చింది.

"తలంతా తెల్లజొన్న పండింది గదా నాయనా! కోతకు ఎప్పుడొస్తావు?"

కఫీల్ దగ్గరికి పోయి అడిగాను. కప్పు ఎత్తాడు, తాగాడు, మళ్లీ కాగితం మీదే పెట్టాడు. "బుక్రా."

ఫోన్లో "రేపు" అని కొట్టాను. పంపకుండా చెరిపేశాను.