ఒలెటా వెతికిన నంబరు

ఒలెటా హెండ్రిక్స్‌కి పదేళ్లప్పుడు వాళ్ల నాన్న పని వెతుక్కుంటూ కాలిఫోర్నియా వెళ్లాడు. దుమ్ము తుఫానులు ఓక్లహోమా పొలాల్ని మింగేసిన ఏడాది అది. వెంట రివాల్వరు తీసుకెళ్లాడు. మళ్లీ రాలేదు, ఉత్తరమూ లేదు.

నేను టల్సా తుపాకుల సంతలో పాత రివాల్వర్లు అమ్ముతాను. ఏటా రెండుసార్లు ఆమె నా బల్ల దగ్గరికి వచ్చేది.

"డ్యూవేనూ, 31874 వచ్చిందా?" అని నన్ను అడిగేది.

ఆ నంబరున్న నాన్న తుపాకీ దొరికితే, అది ఎవరెవరి చేతులు మారిందో అడుగుతూ పోయి, నాన్న చివరికి ఎక్కడున్నాడో తెలుసుకోవాలని ఆమె ఆశ. నేను పిడుల అడుగున చూసి లేదనేవాణ్ణి. ఇరవై ఏళ్లు ఇదే.

పోయిన నవంబరులో ఆ నంబరున్న రివాల్వరు దొరికింది. ఆమె రెండు చేతులా అందుకుంది. కాసేపు చూసి బల్లమీద పెట్టేసింది.

"ఇది కాదయ్యా. నాన్నదాని గొట్టం పొట్టి."

గొట్టం మార్చారేమో అనుకుని తిప్పి చూశాను. గొట్టం కిందా, తూటాలు పెట్టే సిలిండర్ వెనకా అదే నంబరు. ఏదీ మారలేదు.

"నువ్వు నంబరు ఎక్కడ చూశావు పిన్నీ?"

"నాన్న తుడుస్తుంటే. ఇదిగో, ఇక్కడ." సిలిండర్ పక్కకు తెరిచి లోపలి అంచు చూపించింది. అక్కడ వేరే అంకెలున్నాయి.

చెప్పక తప్పలేదు. "అది పనివాళ్ల గుర్తు పిన్నీ. బిగించేటప్పుడు ఒక తుపాకీ ముక్కలు ఇంకోదానివాటితో కలిసిపోకుండా వేసుకుంటారు. అసలు నంబరు పిడి అడుగున ఉండేది."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అంటే నాన్నది నా ముందే ఉన్నా కాదనుకుని పోయుంటానా?"

"ఏమో పిన్నీ." ఊరుకోలేక అడిగాను. "మీ నాన్న తుపాకీ పిడికి రెండు పక్కలా ఉండే పాత చెక్కలేమైనా మిగిలాయా?"

"ఉన్నాయి. నాన్న కొమ్ముతో చేసినవి వేయించుకుని, చెక్కవి నాకు ఆడుకోడానికిచ్చాడు."

"కుడిదాని లోపల చూడు. ఫ్యాక్టరీలో అసలు నంబరు అక్కడా రాసేవాళ్లు."

సాయంత్రం ఫోన్ చేసింది. చెక్క లోపల పెన్సిలుతో నంబరు రాసి ఉందట, సగం చెరిగిపోయి. ఒక్కో అంకెనీ మూడుసార్లు చదివింది. "దీన్ని ఇన్నేళ్లు డ్రాయర్లో పెట్టుకున్నా. ఒక్కసారీ వెనక్కి తిప్పలేదు" అంది.

ఏప్రిల్ సంతకి తలుపులు తీయకముందే వచ్చింది. మొదటి వరస నుంచి మొదలుపెట్టి మధ్యాహ్నానికి నా దగ్గరికి చేరింది.

"కనపడిందా?"

"ఇంకా సగం సంత ఉందిలే. నీవి తిప్పి పెట్టు."

నా పదకొండు రివాల్వర్లూ పిడి అడుగు కనపడేలా తిప్పి పెట్టాను. ఆమె చెక్కని పక్కన పెట్టుకుని ప్రతి నంబరూ పైకి చదివింది. ఏదీ కలవలేదు. కళ్లజోడు తుడుచుకుని పక్క బల్లకి వెళ్లింది.