ఇస్త్రీ బల్ల దగ్గర మిగిలిన పాఠం

ఆదివారం ఉదయం ఆరు గంటల ఇరవై నిమిషాలకు అల్ ఖోబర్‌లోని ఒక ఆస్పత్రిలో మా ఎదురింటి టీచరమ్మ చనిపోయింది. గుండెపోటు. అప్పటికి ఆమె చెప్పాల్సిన పాఠం ఒకటి మిగిలి ఉంది. అది నేర్చుకోవాల్సిన మనిషి గురువారం విమానం ఎక్కాలి.

టీచరమ్మది కడప వైపు. చదువు ఏడో తరగతి. పగలు చిన్నపిల్లల బడిలో ఆయాగా పనిచేసేది. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా తన వంటింట్లో, ఇక్కడి ఇంజనీర్ల భార్యలకు ప్రయాణంలో పనికొచ్చే ఇంగ్లిష్ వాక్యాలు నేర్పేది. వచ్చేవాళ్లలో కొందరు స్పానిష్, కొందరు పోర్చుగీస్ మాట్లాడేవాళ్లు. ఆ భాషల్లో ఆమెకు పలకరింపులు తప్ప ఏమీ రావు. ఆమె దగ్గర మొదట నేర్చుకున్నది మా పై అంతస్తు కొలంబియా ఆవిడ. ఆవిడ "ప్రొఫెసోరా" అని పిలిచేది. మేం దాన్ని టీచరమ్మ చేసుకున్నాం.

ఆమె దగ్గర పలకా బలపం ఉండేవి కావు. ఇస్త్రీ బల్ల ఉండేది. అదే ఎయిర్‌పోర్టు కౌంటరు. అటు పక్క ఆమె, ఇటు పక్క పాస్‌పోర్టు పట్టుకుని నేర్చుకునే మనిషి. అద్దం వెనక కూర్చున్నవాళ్ల మాట సరిగా వినబడదని, ఆమె చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ప్రశ్నలు అడిగేది. వాక్యం సరిగ్గా చెప్పినా "నో" అనేది. అవతలి మనిషి పక్కకు తప్పుకుంటే పాఠం మళ్లీ మొదటికి.

"కాదన్నాడని కొత్త మాట ఎతుక్కోవద్దు మే," అని నాతో అంది ఒకసారి. "అదే మాట మళ్లా చెప్పల్ల. రెండోసారికి వాడు తలెత్తి చూస్తాడు."

నేర్చుకుని ప్రయాణం చేసినవాళ్లు బోర్డింగ్ పాసు ముక్క తెచ్చి ఇవ్వాలి, లేదా పంపాలి. వాటిని ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతాలతో అంటించేది. తలుపు దాదాపు నిండిపోయింది.

ఆమె క్లాసులో "ఎస్" అనకూడదు. చివరి పాఠం దాకా ఆ మాట ఎవరికీ ఇచ్చేది కాదు. కారణం ఒక్కసారే చెప్పింది, కొత్తిమీర ఏరుతూ. మొదటిసారి ఈ అరబ్బు దేశంలో దిగినప్పుడు ఎయిర్‌పోర్టులో ఎవరో కాగితం చూపించి ఇంగ్లిష్‌లో ఏదో అడిగాడట. ఆమె వచ్చింది ఖోబర్‌లో పిల్లల్ని చూసుకునే పనికి.

"ఎస్ అంటి. యాడనో దూరాన ఉనైజాలో తేలితి. ఖర్జూరం తోటలోని ఇల్లు. రెండేండ్లు ఆడనే. ఏమడిగినాడో ఈపొద్దుకీ తెలీదు నాకు."

అందుకే ఎస్ బదులు మరో వాక్యం ఇచ్చేది: "ఐ డోంట్ అండర్‌స్టాండ్. ప్లీజ్ సే ఇట్ స్లోలీ."

మూడు వారాల కిందట బ్రెజిల్ ఆవిడ వచ్చింది. అయిదేళ్ల కూతురికి సొంత ఊళ్లో గుండె ఆపరేషన్ చేయించాలి. పాపకు ఊపిరి అందించే చిన్న యంత్రం పక్కన ఎప్పుడూ నడుస్తూ ఉండాలి. దేశం దాటి తిరిగి రావడానికి కావాల్సిన ఎగ్జిట్ రీఎంట్రీ అనుమతి భర్తకు రాలేదు కాబట్టి ఈమె ఒంటరిగా వెళ్లాలి. దారిలో అయిదు గంటలు ఆగి విమానం మారాలి. అక్కడ ఇంగ్లిషే దిక్కు. ఆవిడ మర్యాదస్తురాలు. అర్థం కాని ప్రతి మాటకూ నవ్వి తలూపుతుంది.

మొదటి రోజు టీచరమ్మ చున్నీ అడ్డం పెట్టుకుని అడిగింది. "కెన్ ఐ స్విచ్ ఆఫ్ దిస్ మెషీన్?"

"ఎస్, ఎస్," అని నవ్వింది బ్రెజిల్ ఆవిడ.

టీచరమ్మ చున్నీ తీసేసి స్టూలు మీద కూర్చుంది. నా వైపు తిరిగింది. "ఈయమ్మ నవ్వుకుంటానే పాపను చంపేస్తుంది మే."

మరుసటి రోజు నుంచి ఆ పాఠం రోజూ జరిగింది. పాప యంత్రం పక్కన పెట్టుకుని నేల మీద బొమ్మలు వేసుకునేది. రెండో వారంలో ఒక రోజు తల్లి మళ్లీ నవ్వితే టీచరమ్మ తెలుగులోనే విరుచుకుపడింది. "నవ్వద్దంటి గదా! పెండ్లిచూపులకొచ్చినావా?"

ఆవిడ నవ్వు ఆపి, నిటారుగా నిలబడింది. "ఐ డోంట్ అండర్‌స్టాండ్. ప్లీజ్ సే ఇట్ స్లోలీ."

టీచరమ్మ బల్ల పట్టుకుని నవ్వింది. "పాసైనావు పో!"

యంత్రం గురించి అడిగితే ఏమనాలో కూడా పోయిన వారానికి వచ్చేసింది. "నో. షీ నీడ్స్ దిస్ టు బ్రీద్." టీచరమ్మ ఎన్నిసార్లు కాదన్నా అదే మాట. ఇక ఎస్ ఒక్కటే మిగిలింది. దాన్ని ఆదివారం చెబుతానంది.

ఆదివారం సాయంత్రపు అసర్ నమాజు తర్వాత ఖననం జరిగింది. ఆడవాళ్లం వెళ్లలేదు. కొలంబియా ఆవిడ, బ్రెజిల్ ఆవిడ, నేను ఆ వంటింట్లో ఇస్త్రీ బల్ల చుట్టూ నిలబడ్డాం. ఎవరమూ బల్లకు అటు పక్కకు వెళ్లలేదు.

సోమవారం నేను అటు పక్కకు వెళ్లాను. చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"ఈజ్ షీ యువర్ డాటర్?"

"ఐ డోంట్ అండర్‌స్టాండ్. ప్లీజ్ సే ఇట్ స్లోలీ."

నెమ్మదిగా అడిగినా అదే జవాబు. ఇక్కడ ఎస్ అనాలని కొలంబియా ఆవిడ, పోర్చుగీస్‌కు దగ్గరగా ఉండే తన స్పానిష్‌లో చెప్పింది. ఈసారి "ఎస్" అంది. ఒంటరిగా వెళ్తున్నావా అని అడిగాను. ఎస్. సంచీ నీదేనా? ఎస్. "కెన్ ఐ స్విచ్ ఆఫ్ దిస్ మెషీన్?"

"ఎస్."

అన్న తర్వాత తనకే వినబడింది. చేత్తో నోరు మూసుకుంది. పాప బొమ్మ వేయడం ఆపి తల్లిని చూసింది. మూడు వారాల పని నేను నాలుగు ప్రశ్నల్లో పాడుచేశాను.

"ప్రొఫెసోరా నాట్ ఫినిష్," అంది ఆవిడ. "నాట్ ఫినిష్."

టీచరమ్మ నోటుబుక్కు తెరిచాను. పాఠాలన్నీ తెలుగులో రాసుకుంది. చివరగా రాసిన పేజీ మీద "ఎస్ ఎప్పుడు అనల్ల" అని ఉంది. కింద ఏమీ లేదు. పేజీ తిప్పాను. అదీ ఖాళీయే. కొలంబియా ఆవిడను ఆ పాఠం అడిగాను. తనకు చెప్పి ఏళ్లయిందని, గుర్తు లేదని అంది.

ఈ రోజు మంగళవారం. ఆ మాటను ఆవిడ దగ్గర్నుంచి తిరిగి తీసుకున్నాం. పాప ఎవరని అడిగితే "మై డాటర్" అని పాస్‌పోర్టు చూపించాలి. మిగతావాటికి పాత వాక్యమే. యంత్రం మీద చెయ్యి వేయబోతే "నో". సాయంత్రం పదిసార్లు అడిగాను. ఎనిమిదిసార్లు సరిగ్గా చెప్పింది. రెండుసార్లు నవ్వింది. టీచరమ్మ అయితే ఏం చేసేదో నాకు తెలియదు. ఆమె పాఠాల్లో అరవై, డెబ్భై దాకా పక్కన కూర్చుని విన్నాను. చివరి పాఠానికి మాత్రం ఎప్పుడూ ఉండలేదు.

ఫ్రిజ్ తలుపు మీద, పిడికి పక్కన, ఒక ఎర్ర అయస్కాంతం కింద కాగితం లేదు. బ్రెజిల్ ఆవిడ పంపబోయే ముక్క కోసం అది ఆమే ఖాళీగా ఉంచింది.

బుధవారం నాలుగింటికి మళ్లీ ఇస్త్రీ బల్ల దగ్గర కలుస్తాం. గురువారం ఉదయం పదిన్నరకు, పక్కనే ఉన్న దమ్మామ్ ఎయిర్‌పోర్టులో కౌంటరు తెరుస్తారు. విమానం మధ్యాహ్నం ఒంటిగంట ముప్ఫై అయిదుకు.